ప్యాకప్ చెప్పాక ఆ కుర్చీని లోపల పెట్టేదెవరు?

ఈ సీను మీరు ఎన్నిసార్లు చూశారో లెక్క చెప్పగలరా?

ఓ బంగళా. ముందు పచ్చిక. పచ్చిక మధ్య రంగురంగుల గొడుగు, దాని కింద గుండ్రని బల్ల, చుట్టూ నాలుగు తెల్లని కుర్చీలు. నాన్నగారు డ్రెస్సింగ్ గౌను వేసుకుని పేపరు చదువుతుంటారు. నౌకరు ట్రేలో కాఫీ తెస్తాడు. అంతలో హీరోయిన్ టెన్నిస్ రాకెట్టు ఊపుకుంటూ వచ్చి, "డాడీ!" అని కుర్చీ చేతిమీద కూర్చుంటుంది. నాన్నగారు కళ్లజోడు సవరించుకుని పెళ్లి మాట ఎత్తుతారు...

ఆ పెళ్లి సంగతి ఎలా ఉన్నా, కుర్చీలు మాత్రం మన మనసులో ఉండిపోతాయి. "మనకూ ఓ ఇల్లు, ఇంటికి కాసింత తోటా ఉంటే, ఇలాంటి సెట్టే కొనాలి" అని అనుకోనివాళ్లెవరు?

అనుకోండి, తప్పులేదు. కానీ ఒక్క సంగతి. డైరెక్టరుగారు "ప్యాకప్" అనగానే ప్రాపర్టీస్ కుర్రాళ్లు వచ్చి ఆ కుర్చీల్ని మోసుకుపోతారు. వాటి ఉద్యోగం ఆ పూటతో సరి. మరి మీ ఇంట్లో ప్యాకప్ చెప్పేదెవరు? మోసుకుపోయేదెవరు? మీ కుర్చీ మే నెల ఎండలోనూ అక్కడే, జూలై వానలోనూ అక్కడే!

మార్కస్ బార్ట్‌లే గారు 'మిస్సమ్మ' (1955)లో, 'మాయాబజార్' (1957)లో కురిపించిన వెన్నెల గురించి ఇవాళ్టికీ చెప్పుకుంటాం. లైట్లతో పుట్టించిన వెన్నెల అది. ఆ వెన్నెల్లో కుర్చీ వేస్తే తుప్పు పట్టదు, చెద పట్టదు. మన పెరటి మీద కురిసే వెన్నెల వెనకాల మాత్రం ఎండ ఉంది, వాన ఉంది, పక్షుల రెట్టలున్నాయి!

ఫిరంగుల పేటలో జామచెట్టు

ఈ పాఠం నేను పుస్తకంలో నేర్చుకోలేదు. మా బాబాయిగారింట్లో నేర్చుకున్నాను.

వాళ్ల ఇల్లు గన్‌ఫౌండ్రీలో. ఆబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ వైపు వెళ్లేవాళ్లంతా ఆ పేట మీదుగానే పోతారు గాని, ఆ పేరెలా వచ్చిందో అడిగేవాళ్లు తక్కువ. నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో అక్కడ ఫిరంగులు పోయించే కార్ఖానా పెట్టించాడు. 'తోప్ కా సాంచా' అని ఉర్దూలో పాత పేరు. ఫిరంగులు పోయాయి, పేరు మిగిలింది. తరవాత మహబూబియా బడి వచ్చింది, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ హెడ్డాఫీసు వచ్చింది. ఆ బ్యాంకూ 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆబిడ్స్. ఎన్.టి.ఆర్. కట్టించిన రామకృష్ణ థియేటర్లు, జమ్రుద్, ప్యాలెస్... ఆ రోజుల్లో సినిమా వదిలితే జనం గన్‌ఫౌండ్రీ దాకా పారేవారు.

బాబాయి ఇంటికి అటూ ఇటూ మేడలు లేచాయి. మిగిలింది వెనకాల పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు పెరడు, ఓ జామచెట్టు. ఆ ఇంటికి కనిపించే ఆకాశమంతా ఆ పన్నెండు పదులే. ఉద్యోగం నుంచి రిటైరైనప్పటినుంచీ బాబాయికి సాయంత్రం ఐదు కాగానే రేడియో చేత పట్టుకుని అక్కడికి పోవడం అలవాటు. కూర్చునేది వంటింటి మెట్టు మీద.

వాళ్లబ్బాయి, అంటే మా తమ్ముడు, ఉద్యోగంలో చేరాడు. మొదటి జీతం. "నాన్న ఇకమీదట మెట్టుమీద కూర్చోవడానికి వీల్లేదు" అన్నాడు. వెళ్లి సరిగ్గా సినిమాలో ఉన్నలాంటి సెట్టే తెచ్చాడు. తెల్లరంగు వేసిన ఇనప కుర్చీలు నాలుగు, అద్దం బల్ల, మీద గొడుగు! పెరట్లో దింపగానే పిన్ని దిష్టి తీసింది. అందరం ఫొటో దిగాం.

ఆ తరవాత కథ వినండి. ఏప్రిల్లో మధ్యాహ్నం కుర్చీ మీద చెయ్యి వేస్తే అట్లపెనం మీద వేసినట్టే. జూన్ మొదటి గాలివానకి గొడుగు లేచి గోడ దాటింది. పోతూ పోతూ అద్దాన్ని పగలగొట్టింది. దసరాకి కుర్చీకాళ్ల దగ్గర తెల్లరంగు ఊడి ఎర్రగా తుప్పు తేలింది. అన్నిటికన్నా అసలు కష్టం ఇంకోటి. ఆ కుర్చీ సీటు కిందకి ఉంది, వెనక్కి వాలి ఉంది. బాబాయికి మోకాళ్ల నొప్పి. కూర్చుంటే లేవలేడు. కొడుకు మొదటి జీతంతో తెచ్చిన కుర్చీ బాగాలేదని చెప్పడానికి నోరు రాదు.

అందుకని ఏం చేశాడో తెలుసా? కొడుకు ఇంటికొచ్చే వేళకి కుర్చీలో కూర్చునేవాడు. వాడు లోపలికి పోగానే పిన్ని చెయ్యి పట్టుకుని లేచి, మళ్లీ మెట్టు మీదకి చేరేవాడు. ఈ నాటకం పది నెలలు నడిచింది! ఓ రోజు వాడు ముందుగా వచ్చి చూశాడు. నాలుగు కుర్చీలూ ఖాళీ, నాన్న మెట్టుమీద. ఆ రాత్రి నాతో, "అన్నయ్యా, ఎక్కడ తప్పు చేశాను?" అని అడిగాడు.

ఆ తప్పు మీరు చెయ్యకుండా ఉండాలనే ఈ సోదంతా.

ముందు సూర్యుణ్ణి చూడండి

షాపుకి వెళ్లకముందే చెయ్యాల్సిన పని ఒకటుంది. మీరు బయట కూర్చునే వేళకి సరిగ్గా పెరట్లోకి వెళ్లి, నీడ ఎక్కడుందో చూడండి. పొద్దున కాఫీ వేళ వేరు, సాయంకాలం పకోడీల వేళ వేరు. సాయంత్రం ఎండ పడమటినుంచి వస్తుంది గనక ఇంటి నీడ తూర్పున పడుతుంది. సాయంత్రాలు కూర్చునేవాళ్లకి ఇంటికి తూర్పు పక్క మంచిది. పడమటి పక్క కూర్చోవాలంటే చెట్టో పందిరో తప్పదు.

మరి గొడుగుంది కదా అంటారా? గొడుగు నీడ సరిగ్గా దాని కింద పడాలంటే సూర్యుడు నడినెత్తిన ఉండాలి. హైదరాబాదులో సూర్యుడు నిలువునా నెత్తిమీదికి వచ్చేది ఏడాదికి రెండే రోజులు. 2023లో ఆ రోజులు మే 9, ఆగస్టు 3. దాన్నే నీడలేని రోజు అన్నారు. ఆ మిట్టమధ్యాహ్నం తోటలో ఎవరు కూర్చుంటారండీ? మనం కూర్చునే ఐదు గంటలకి, ఏడడుగుల ఎత్తు గొడుగు నీడ మన ఒళ్లో కాదు, ఎన్నో అడుగుల అవతల పడుతుంది. గొడుగు మనది, నీడ పక్కింటివాళ్లది!

తరవాత టేపు తియ్యండి. మూడడుగుల బల్ల అనుకుందాం. కుర్చీ వెనక్కి లాగి, మనిషి లేచి వెళ్లడానికి ఒక్కో పక్క మూడడుగులు కావాలి. అంటే మొత్తం తొమ్మిదడుగులు. మా బాబాయి పెరడు వెడల్పే పదడుగులు! ఇక జామచెట్టు ఎక్కడ నిలబడాలి? టేపు లేకపోతే పాత పేపర్లు పరచండి. కుర్చీలంత, బల్లంత పేపర్లు నేలమీద పరిచి రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి. బట్టలారేసే తీగ అడ్డమొస్తోందా, కుళాయి దగ్గరికి దారి ఉందా అన్నీ తేలిపోతాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఏ సరుకు గుణమేమిటి?

ఇక తారల పరిచయం. ఒక్కొక్కరి ప్లస్సులు, మైనస్సులు.

పేము కుర్చీ: చూడ్డానికి హీరోయినే! తేలిక, ఒంటికి హాయి. అయితే పేము వానకి ఉబ్బుతుంది, ఎండకి పగులుతుంది, తేమకి బూజు పడుతుంది. కట్లు వదులవుతాయి. కాబట్టి వరండాలో, కప్పు కింద వేసుకోండి. కొనేటప్పుడు వంచిన చోట చీలికలున్నాయేమో వేలితో తడిమి చూడండి. వెదురు వేరు, పేము వేరు. వెదురు లోపల గుల్ల, పేము గట్టి. మేదరివాళ్లు అల్లే వెదురు సామాను చవకే గాని, పురుగు పట్టకుండా బోరాక్స్ మందుపెట్టిన వెదురేనా అని అడగండి.

ఇనుము: గన్‌ఫౌండ్రీవాళ్లకి చుట్టం! పోత ఇనుము బెంచీలకి ఆకులూ తీగలూ పోసినవి అందంగా ఉంటాయి గాని బరువు, గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. సమ్మెటతో కొట్టి వంచే ఇనుము పగలదు, వంగుతుంది. ఏదైనా ఎండకి కాలుతుంది, వానకి తుప్పు పడుతుంది. ముందు రెడ్ ఆక్సైడ్, దానిమీద ఎనామిల్ వేశారా అని అడగండి. రంగు లేచిన చోట వెంటనే గీకి మళ్లీ వెయ్యాలి. కుర్చీకాలు తిరగేసి అడుగున చూడండి. తుప్పు మొదలయ్యేది అక్కడే, షాపువాడు రంగు వెయ్యనిదీ అక్కడే!

అల్యూమినియం: తుప్పు పట్టదు, తేలిక. మరీ తేలికైతే గాలివానకి ఎగురుతుంది. ఈమధ్య అల్యూమినియం చట్రంమీద పేములా కనిపించే ప్లాస్టిక్ అల్లిక వేసి అమ్ముతున్నారు. ఆ అల్లిక పాలిథిన్ రకమైతే ఎండకి కొంత ఓర్చుకుంటుంది. పీవీసీ అయితే కొన్నాళ్లకి పెళుసెక్కి తెగుతుంది.

ప్లాస్టిక్ కుర్చీ: దీన్ని చూసి మూతి విరవకండి. చవక, వానకి జంకదు, ఒకదాని మీద ఒకటి పేర్చొచ్చు. క్యారెక్టర్ ఆర్టిస్టులాగ ఏ వేషమైనా వేస్తుంది. దీని శత్రువు వాన కాదు, ఎండ. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే రంగు వెలిసి, చేత్తో రాస్తే సుద్దలా అంటుకుంటుంది. ఆ దశకొచ్చిన కుర్చీలో పెద్దవాళ్లని కూర్చోబెట్టకండి. ఏ రోజైనా కాలు విరగొచ్చు.

టేకు: బయట వేసే కర్రల్లో హీరో. దాని ఒంట్లోనే నూనె ఉంటుంది. అందుకే నీటికీ చెదలకీ తట్టుకుంటుంది. ఎండకి బూడిదరంగు తిరుగుతుంది, అది జబ్బు కాదు, వయసు. అయితే టేకులోనూ చేవదేరిన కర్రే కొనాలి. అంచున తెల్లగా ఉండే భాగానికి ఆ శక్తి లేదు. పలకల మధ్య సందులుండాలి, నీళ్లు జారిపోవాలి. ఇనప మేకులు కొడితే కర్రమీద నల్లమచ్చలు పడతాయి, ఇత్తడి స్క్రూలో స్టీలు స్క్రూలో వేయించండి.

రాయి: తాండూరు బండ, షాబాద్ బండ, నల్లరాయి మన చుట్టుపక్కలే దొరుకుతాయి. రెండు దిమ్మెలు కట్టించి మీద ఓ బండ పరిస్తే మీ మనవల దాకా ఉంటుంది. ఎవరూ ఎత్తుకుపోలేరు! ఒక్కటే చిక్కు. పగలంతా తాగిన ఎండని రాయి రాత్రిదాకా కక్కుతుంది. అందుకని చెట్టునీడన కట్టించాలి.

మన పాత సామాను మరిచిపోయామా?

బయట కూర్చోవడం సినిమాలు నేర్పిన విద్య కాదు సుమండీ! తెలుగిళ్లకి అరుగులుండేవి. ఎండాకాలం పెరట్లో నులకమంచం పడేది. గాలి ఆడుతుంది, పక్కకి జరపొచ్చు, వాన చినుకు పడితే చంకన పెట్టుకుని పరిగెత్తొచ్చు. హైదరాబాదు పాత ఇళ్ల లోగిళ్లలో తఖ్తులు, చబూత్రాలు ఉండేవి. నలుగురూ కాళ్లు ముడుచుకుని కూర్చుని చాయ్ తాగొచ్చు. ఇవన్నీ ఈ ఎండనీ వాననీ చూసి పుట్టిన సామాను.

ఇరానీ హోటళ్లలో గుండ్రని వీపుతో ఉండే వంపుకర్ర కుర్చీ చూశారుగా? 1859లో థోనెట్ అనే ఆయన వియన్నాలో అమ్మకానికి తెచ్చిన కుర్చీకి వారసురాలు అది. కర్రని ఆవిరిమీద ఉడికించి వంచుతారు. వేల కప్పుల చాయ్‌ని మోసినా అది చెక్కుచెదరకపోవడానికి కారణం తెలుసా? అది ఎప్పుడూ కప్పు కిందే ఉంది! దాన్నే తెచ్చి పెరట్లో వేస్తే రెండు వానాకాలాలు చాలు.

కొనేముందు కూర్చోండి

నాంపల్లి ఎగ్జిబిషను 1938లో మొదలైంది. ఇప్పుడు ఏటా జనవరి 1 నుంచి నుమాయిష్ సందడే. అక్కడ ఫర్నిచర్ స్టాళ్లూ ఉంటాయి. రంగుల దీపాల్లో, జనవరి చలిలో, ప్రతి కుర్చీ అందంగానే ఉంటుంది. అక్కడే జాగ్రత్తపడాలి. జనవరిలో చూస్తూ మే నెలని తలుచుకోవాలి.

ఎవరికోసం కొంటున్నారో వాళ్లని వెంట తీసుకెళ్లండి. పెద్దవాళ్లకి సీటు నేలనుంచి పదిహేడు, పద్దెనిమిది అంగుళాల ఎత్తు ఉండాలి. ఆనుకుని లేవడానికి గట్టి చేతులుండాలి. సీటు మరీ లోతుండకూడదు. కూర్చుని ఓ సినిమా పాట మొత్తం పాడుకోండి, అంటే మూడు నాలుగు నిమిషాలు. తరవాత ఎవరి సాయం లేకుండా లేవమనండి. లేవగలిగితేనే బేరం మొదలెట్టండి. షాపులో సిగ్గేస్తే నాంపల్లి పబ్లిక్ గార్డెన్సుకి వెళ్లండి. సాయంత్రం ఓ గంట అక్కడి బెంచీమీద కూర్చుని చూస్తే, వీపు ఏం కోరుతుందో, మోకాలు ఏం కోరుతుందో తెలుస్తుంది.

ఉయ్యాల బల్ల మీద మోజున్నవాళ్లకి ఓ మాట. ముందూ వెనకా నాలుగడుగులైనా ఖాళీ ఉండాలి. కొక్కేలు స్లాబులోనో దూలంలోనో దిగాలి. జామకొమ్మకి కట్టారో, డ్యూయెట్టు కాస్తా ఫైటింగు సీనైపోతుంది!

క్లైమాక్సు

మా తమ్ముడి సంగతి చెప్పలేదు కదూ? ఆ మర్నాడు ఇద్దరం వెళ్లి తెలిసిన వడ్రంగిని పిలుచుకొచ్చాం. ఆయన కేటలాగు తియ్యలేదు. పెరట్లో నిలబడి మూడే ప్రశ్నలు వేశాడు.

"కుర్చీ యాడ పెడ్తరు? ఎండలనా, నీడలనా? ఎవరు కూసుంటరు?"

మేం సెట్టు కొన్నప్పుడు ఈ మూడింట్లో ఒక్కటీ వేసుకోలేదు! ఏ రంగు, ఏ డిజైను అని మాత్రమే అనుకున్నాం.

ఆయన మేడమీదికి వెళ్లి చూశాడు. ఇంటి ముందుగది మార్చినప్పుడు తీసేసిన పాత ద్వారబంధాలు అక్కడ పడున్నాయి. గోరుతో గీకి చూసి, "అసలు టేకు సారూ! బంగారం ఇంట్ల పెట్టుకొని ఇనుము కొన్నరు" అన్నాడు.

ఆ ద్వారబంధాలతోనే బెంచీ తయారైంది. పద్దెనిమిది అంగుళాల ఎత్తు, రెండు పక్కలా చేతులు, పలకల మధ్య వేలు పట్టేంత సందులు. కాళ్ల కింద మట్టి తగలకుండా నాలుగు బండ ముక్కలు. జామచెట్టు నీడన, గోడకి ఆనించి వేశారు. వచ్చినవాళ్లకోసం రెండు మడత కుర్చీలు లోపల గోడకి చేరవేసి ఉంటాయి. పెరట్లో ఇంకా మనిషి నడవడానికి చోటుంది, పిన్ని ముగ్గు వెయ్యడానికీ చోటుంది.

మొదటిరోజు సాయంత్రం ఐదయింది. బాబాయి రేడియో పట్టుకుని వచ్చాడు. బెంచీ చేతిమీద అరచెయ్యి వేసి కాసేపు తడిమాడు. "ఇది మా నాన్న పెట్టించిన గుమ్మంరా" అన్నాడు. కూర్చున్నాడు. రేడియోలో పాత పాటేదో వస్తోంది. పాట అయ్యాక, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి, "కాఫీ తెస్తాను, కూర్చో" అని కొడుక్కి చోటిచ్చి లోపలికి వెళ్లాడు.

మా తమ్ముడు మాట్లాడలేదు. కళ్లు తుడుచుకున్నట్టున్నాడు. అడిగితే, జామాకు నలక పడిందన్నాడు.

సినిమా చూడండి, చూసి ఆనందించండి. ఆ తెల్లకుర్చీల్ని హీరోయిన్‌కి వదిలెయ్యండి. మీ పెరట్లో వెయ్యబోయే కుర్చీకి మాత్రం ఆ వడ్రంగి మూడు ప్రశ్నలూ వేసి చూడండి. జవాబు దొరక్కపోతే, మరో ఏడాది మెట్టుమీదే కూర్చోండి. మెట్టు ఎండకి కాలినా, వానకి తుప్పు పట్టదు కదా!